మున్నార్ తేయాకు కొండల్లో ఒంటరిగా జలపాతాల వెంట: రోజుకు ఒక దారి చొప్పున ఎలా తిరగాలి

మున్నార్‌లో టాక్సీ మాట్లాడుకోగానే డ్రైవరు మీ చేతికి ఒక అట్ట ఇస్తాడు. దానిమీద పది పన్నెండు చోట్ల పేర్లు వరుసగా ఉంటాయి: జలపాతం, ఎకో పాయింట్, ఏనుగు సవారీ, మసాలా తోట, చాక్లెట్ దుకాణం, మళ్లీ ఇంకో జలపాతం. ఒక్కో చోట పావుగంట. నవ్వుతూ ఆ అట్ట తిరిగి ఇచ్చేయండి. జలపాతాల కోసం ఒంటరిగా వచ్చినవారికి దానితో పని లేదు.

పనికొచ్చేది దారుల లెక్క. మున్నార్ నుంచి ముఖ్యమైన దారులు నాలుగు. పడమరగా అడిమాలి మీదుగా కొచ్చికి దిగే జాతీయ రహదారి ఒకటి. ఉత్తరంగా మరయూర్ మీదుగా తమిళనాడులోని ఉడుమలైపేటకు వెళ్లేది రెండోది. ఆగ్నేయంగా గ్యాప్ రోడ్డు మీదుగా చిన్నకానల్, పూప్పార వైపు వెళ్లేది మూడోది. మాట్టుపెట్టి, కుండల జలాశయాలు దాటి టాప్ స్టేషన్‌కు వెళ్లేది నాలుగోది. ఈ నాలుగో దారి అందంగానే ఉంటుంది కాని, జలపాతాల కోసమైతే నిర్మొహమాటంగా వదిలేయవచ్చు. మిగిలిన మూడింటిలో రోజుకు ఒక్కటే పట్టుకోండి. పొద్దున్నే బస్సెక్కండి. ఆ దారిలో ఉన్నవి తీరిగ్గా చూడండి. మధ్యాహ్నం నాలుగు గంటలలోపు అదే దారిలో వెనక్కి రండి.

ఇలా తిరిగితే మూడు రోజుల్లో నాలుగైదు జలపాతాలకు మించి చూడలేరు. అవి చాలు.

## మొదట నెల, ఆ తర్వాతే టికెట్

నైరుతి రుతుపవనాలు జూన్ మొదట్లో కేరళను తాకుతాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా మున్నార్ ఉన్న ఇడుక్కి జిల్లా కొండల్లో ప్రతి మలుపులోనూ నీళ్లు దూకుతుంటాయి. ఫొటోలు చూసి చాలామంది ఆ నెలల్లోనే వెళ్లాలనుకుంటారు. ఒంటరిగా వెళ్లేవారికి నా సలహా మాత్రం వద్దనే. 2018 ఆగస్టు వరదలు అందరికీ గుర్తున్నాయి. 2020 ఆగస్టు 6 రాత్రి మున్నార్‌కు దగ్గర్లోని పెట్టిముడిలో కొండచరియ విరిగి తేయాకు కార్మికుల ఇళ్ల వరుసల మీద పడింది. 70 మంది చనిపోయారు. ఈ కొండల్లో వాన సంగతి తేలిగ్గా మాట్లాడేవారి మాట నమ్మకండి.

సెప్టెంబరు నడిమి నుంచి నవంబరు నడిమి దాకా వెళ్లండి. అప్పటికి కొండ తాగగలిగినంత తాగి ఉంటుంది, జలపాతాలు నిండుగా ఉంటాయి, పొద్దుటి పూట ఆకాశం తేటగా ఉండే రోజులు ఎక్కువ. మధ్యాహ్నం దాటాక మాత్రం ఉరుములతో వాన పడుతుంది. మన దసరా సెలవులు సరిగ్గా ఈ కాలంలోనే వస్తాయి. నవంబరు నడిమి దాటితే ఇంకో చిక్కుంది. శబరిమల దీక్షలు మొదలై, మన వైపు నుంచి కేరళ వెళ్లే రైళ్లన్నీ స్వాములతో నిండిపోతాయి. సంక్రాంతి దాకా బెర్తు దొరకడం కష్టం.

ఫిబ్రవరి నుంచి మే దాకా చాలా జలపాతాలు రాతి మీద తడి చారగా మిగులుతాయి. అప్పుడు కూడా కాస్తో కూస్తో నీరుండేది మరయూర్ దారిలోని లక్కం జలపాతంలో. దాని పైన ఉన్నది ఎరవికుళం పీఠభూమి. అక్కడి గడ్డి మైదానాలు, లోయల్లో పొట్టి చెట్లతో దట్టంగా ఉండే షోలా అడవులు వాన నీటిని పీల్చుకుని నెమ్మదిగా వదులుతాయి.

## చేరుకోవడం, మకాం

హైదరాబాద్, నల్గొండ, గుంటూరు వైపు వారికి శబరి ఎక్స్‌ప్రెస్, విశాఖ, విజయవాడ వైపు వారికి ధన్‌బాద్–అలప్పుళ ఎక్స్‌ప్రెస్ అనువైనవి. ఎర్నాకుళం దాకా పోనవసరం లేదు, ఆలువలో దిగండి. అక్కడి నుంచి మున్నార్ దాదాపు 110 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు కాబట్టి బస్సుకు నాలుగు గంటలు పడుతుంది.

ఈ ప్రయాణంలోనే రెండు జలపాతాలు ఉచితంగా వస్తాయి. నేరియమంగళం దాటి అడవిలోకి ఎక్కాక, అడిమాలికి ముందు, ఏడు మెట్లుగా దిగే చీయప్పార రోడ్డు అంచునే కనిపిస్తుంది. కొద్ది దూరంలోనే లోయలో వాళర ఉంది. సామానుతో అక్కడ దిగే పని పెట్టుకోకండి, కిటికీ పక్క సీటు పట్టుకుంటే చాలు. రోడ్డు పక్కన ఆగిన కార్లు, మొక్కజొన్న పొత్తుల బండ్లు, కోతుల మధ్య నిలబడి చూసేదానికీ కిటికీలోంచి చూసేదానికీ పెద్ద తేడా ఉండదు. అదీగాక అది తేయాకు సీమ కాదు, ఇంకా కింది అడవే. అడిమాలి దాటి మరికొంత ఎక్కాకే కొండల మీద ఆ కత్తిరించిన పచ్చదనం మొదలవుతుంది.

గది విషయంలో ఒకే ఒక్క నియమం: బస్సులు ఆగే చోటుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండాలి. కొండ అంచున బాల్కనీ ఉన్న రిసార్టు జంటలకు బాగుంటుంది. ఒంటరి మనిషికి అది ప్రతి పూటా ఆటో ఖర్చు, చీకటి పడ్డాక బందిఖానా. పట్టణంలో సాదా లాడ్జీ తీసుకోండి. వేడినీళ్లు ఏ వేళకు వస్తాయో, కరెంటు పోతే జనరేటరు ఉందో లేదో డబ్బు కట్టే ముందే అడగండి. తడిసి వచ్చిన రోజున ఆ రెండూ గది అందం కంటే ముఖ్యం.

## ముందు రోజు రాత్రి చేయాల్సినవి

రాత్రి భోజనం అయ్యాక వాతావరణ శాఖ ఇడుక్కి జిల్లాకు ఏ రంగు హెచ్చరిక ఇచ్చిందో చూడండి. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వాన అంచనా ఉంటే పసుపు, 204.4 దాకా అయితే నారింజ, ఆపైన ఎరుపు. పసుపు ఉంటే వెళ్లండి, కాని నీటిలో కాలు పెట్టవద్దు. నారింజ అయితే రోడ్డు మీద నుంచి కనిపించే జలపాతంతో సరిపెట్టుకుని మధ్యాహ్నానికి వచ్చేయండి. ఎరుపు రోజున గదిలోనే ఉండండి. అలాంటప్పుడు జిల్లా యంత్రాంగం కొండదారుల్లో రాత్రి ప్రయాణాలను నిషేధించడం, పర్యాటక కేంద్రాలను మూసేయడం మామూలే. వాన తెరిపిస్తే పట్టణం దగ్గర్లో నల్లతణ్ణి ఎస్టేటులోని టీ మ్యూజియం చూసి రావచ్చు. సోమవారం దానికి సెలవు.

రెండో పని, దారి ఎంపిక. ఈ ఊరి గొప్పతనమంతా ఇక్కడే ఉంది. మున్నార్‌కు పడమటి వాలు అరేబియా సముద్రపు మబ్బులకు ఎదురొడ్డి నిలబడుతుంది కాబట్టి నైరుతి వాన ఎక్కువగా అటే. ఉత్తరంగా మరయూర్ వైపు దిగితే 2,695 మీటర్ల ఆనముడి, దాని చుట్టూ ఉన్న కొండలు మబ్బులకు అడ్డుపడతాయి. అది వానచాటు ప్రాంతం. నలభై కిలోమీటర్ల తేడాలో ఒకచోట గొడుగు నిలవదు, ఇంకోచోట ఎండ కాస్తుంది. నీళ్లు కూడా అలాగే విడిపోతాయి. పడమటి వైపు అట్టుకాడ్ జలపాతం నీరు ముతిరపుళ, పెరియార్ నదుల్లో కలిసి పడమటి సముద్రానికి పోతుంది. లక్కం నీరు పాంబార్‌లో చేరి, అమరావతి నది మీదుగా కావేరిలో కలిసి మన బంగాళాఖాతానికే వస్తుంది. కేరళలోని 44 నదుల్లో తూర్పుకు పారేవి మూడే, వాటిలో పాంబార్ ఒకటి.

కాబట్టి పట్టణంలో పొద్దున లేచేసరికి ముసురు పట్టి ఉంటే మరయూర్ దారి పట్టండి. ఆకాశం విప్పారి ఉంటే అట్టుకాడ్‌కో గ్యాప్ రోడ్డుకో వెళ్లండి. ఏ రోజు ఏ దారి అన్నది ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకుని రాకండి, కిటికీ తెరిచాక తేల్చుకోండి.

మూడో పని చిన్నదే. మీరు ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో లాడ్జీలో కౌంటరు దగ్గరి మనిషికి చెప్పండి. ఇంట్లోవాళ్లకు కూడా అదే సందేశం పంపండి. మలుపు తిరిగితే సిగ్నల్ పోయే చోట్లు ఈ కొండల్లో చాలా ఉన్నాయి. మ్యాపును ఫోనులో ముందే దించుకోండి.

## సంచిలో ఏముండాలి

గొడుగు, పల్చటి రెయిన్‌కోటు రెండూ పెట్టుకోండి. నడిచేటప్పుడు కోటు, నిలబడి చూసేటప్పుడు గొడుగు. ఫోనుకు, డబ్బుకు నీళ్లు చొరని సంచి. ఒక జత పొడి సాక్సులు విడిగా ప్లాస్టిక్ కవరులో కాకుండా గుడ్డ సంచిలో చుట్టి, మధ్యలో పెట్టండి. కేరళ హైకోర్టు ఆదేశంతో 2025 అక్టోబరు 2 నుంచి మున్నార్ వంటి కొండ ప్రాంతాల్లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు. నీళ్లకు స్టీలు సీసా తెచ్చుకోండి. పది, ఇరవై, యాభై నోట్లు చిల్లరగా ఉంచుకోండి. బస్సులోనూ టీ కొట్టులోనూ ఫోను చెల్లింపు నడవని వేళలో అవే దిక్కు. ఇంకా ఒక చిన్న గుడ్డమూటలో గుప్పెడు ఉప్పు. దాని సంగతి తర్వాత చెబుతాను.

చెప్పులతో వెళ్లకండి. అడుగున గాట్లు అరిగిపోయిన పాత బూట్లూ వద్దు.

## మరయూర్ దారి: లక్కం, తూవానం

మూడింటిలో ఇదే ఉత్తమం. పొద్దున ఏడు గంటల ప్రాంతంలో మరయూర్ లేదా ఉడుమలైపేట వెళ్లే బస్సు ఎక్కండి. కేరళ బస్సుల మీద బోర్డులు ఎక్కువగా మలయాళంలోనే ఉంటాయి. చదవలేకపోతే కండక్టరును అడగండి. పెద్దవాడైతే "చేట్టా" అంటే పలుకుతాడు, పక్క సీటులో కూర్చున్నావిడ "చేచ్చీ" అన్నా "అక్కా" అన్నా పలుకుతుంది. తోటల్లో పనిచేసేవారిలో ఎక్కువమంది మాతృభాష తమిళం. చిత్తూరు, నెల్లూరు సరిహద్దు మండలాలవారికి ఇక్కడ మాట ఇబ్బందే ఉండదు.

బస్సు రాజమల మలుపు దగ్గర చాలా ఖాళీ అవుతుంది. వరయాడు అనే కొండమేకను చూడటానికి ఎరవికుళం జాతీయ పార్కుకు వెళ్లేవాళ్లందరూ అక్కడే దిగిపోతారు. మీరు కూర్చోండి. అక్కడి నుంచి దారి తేయాకు మధ్యలోంచి, ఒక పక్క ఆనముడి రాతి గోడలను చూపిస్తూ వెళ్తుంది. మున్నార్ నుంచి సుమారు 25 కిలోమీటర్ల దగ్గర లక్కం. రోడ్డు పక్కనే అటవీ శాఖ టికెట్ గది ఉంటుంది.

దిగేటప్పుడే కండక్టరును అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: తిరిగి మున్నార్ వెళ్లే బస్సు ఇక్కడికి ఎన్నింటికి వస్తుంది? ఇది తెలియకుండా ఎక్కడా దిగకండి. ఆయన చెప్పిన వేళల్లో చివరిది కాక, దాని ముందు బస్సు మీది అనుకోండి. కొండల్లో ఆఖరి బస్సును నమ్ముకునే ప్రయాణం ఒంటరివారికి తగదు.

లక్కం ఎత్తైన జలపాతం కాదు. చెట్ల నీడలో రాళ్ల మీదుగా దిగి ఒక మడుగులో నిలుస్తుంది. అనుమతించిన చోట స్నానం చేయవచ్చు. నీళ్లు ఎముకలు కొరికేంత చల్లన. తొమ్మిదిన్నర లోపు వెళ్తే మనుషుల గొంతులు వినిపించవు. పదకొండు నుంచి వ్యానులు దిగుతాయి, అప్పుడు మడుగు మన గోదావరి పుష్కర ఘాటులా ఉంటుంది. ఆలోపు మీరు మరయూర్ బస్సు ఎక్కేయాలి.

మరయూర్ దాకా దారి కిందికి దిగుతుంది, గాలి వెచ్చబడుతుంది. ఊరి చుట్టూ సహజంగా పెరిగిన గంధపు చెట్ల అడవి, దానికి కంచె. చెరకు తోటల పక్కన బెల్లం వండే పాకలు ఉన్నాయి. ఇక్కడి బెల్లానికి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గుండ్రటి ఉండలుగా చుడతారు, కాస్త ముదురు రంగు. అనకాపల్లి బెల్లం తిని పెరిగినవారు తీపిని పోల్చి చూసుకోవచ్చు, తీర్పు నేను చెప్పను. పాక దగ్గరే కొనండి. మున్నార్ బజారులో ఆ పేరుతో అమ్మేవన్నీ అక్కడివే అనుకోనక్కరలేదు.

తూవానం చూడాలంటే అది విడిగా ఒక రోజు పని. మరయూర్ దాటాక చిన్నార్ అభయారణ్యంలో, పాంబార్ మీద ఉంది. అటవీ శాఖ మనిషిని వెంట తీసుకుని ఆలంపెట్టి నుంచి అడవిలో నడవాలి. వెంట వచ్చే గైడ్లు అక్కడి గిరిజన ఊళ్లవారు. ముందు రోజే అటవీ కార్యాలయానికి ఫోను చేసి, ఒంటరిగా వస్తున్నానని, రుసుము ఎలా ఉంటుందని అడగండి. పక్కన ఇంకో బృందం ఉంటే వారితో కలిపి పంపమని కోరండి. తేయాకు చలి నుంచి వచ్చినవారికి ఇక్కడి ముళ్లపొదల పొడి అడవి ఆశ్చర్యంగా ఉంటుంది. రాయలసీమవారికి ఉండదు.

## అట్టుకాడ్: పొగమంచుతో బేరం

పట్టణానికి పడమరగా సుమారు 9 కిలోమీటర్లు. పళ్లివాసల్ వైపు వెళ్లే దారిలో దిగి, జాతీయ రహదారి నుంచి లోపలికి ఇరుకు రోడ్డు మీద నడవాలి. ఆటోలో కూడా పోవచ్చు కాని, నడకే మేలు. కార్లు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్లాల్సిందే అనేంత ఇరుకు. ఆ గొడవల మధ్య నడిచేవాడిదే పైచేయి. ఈ వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే, ఇప్పటి కేరళలో మొట్టమొదటి జలవిద్యుత్ కేంద్రం 1940లో ఈ పళ్లివాసల్ దగ్గరే మొదలైంది.

జలపాతానికి ఎదురుగా చిన్న వంతెన ఉంది. చూడటానికి అదే సరైన చోటు. చాలాసార్లు అక్కడికి చేరేసరికి ఎదురుగా తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు, హోరు మాత్రం వినిపిస్తుంది. వచ్చినవాళ్లు రెండు నిమిషాలు చూసి, "ఏమీ లేదు" అని బండి తిప్పుకుంటారు. మీరు ఆగండి. మనం పొగమంచు అంటున్నది ఇక్కడ చాలావరకు వాలు వెంట పైకి పాకుతున్న మబ్బే. అది ఒక్కచోట నిలవదు. వంతెన మీద నిలబడి మీ కుడి ఎడమల ఉన్న తేయాకు గట్లను గమనిస్తూ ఉండండి. దగ్గరి పొదలు ముదురాకుపచ్చగా తేలి, వాటి వెనక వరుస కనిపించడం మొదలైతే ఇంకో నిమిషంలో తెర తొలగబోతోందని అర్థం. మొదట కింది నురగ, తర్వాత మధ్య రాయి, ఆఖరున పై అంచు కనిపిస్తాయి. ఫొటో తీయాలనుకుంటే గొడుగు కింద ఫోను సిద్ధంగా ఉంచుకుని, అద్దాన్ని పొడిగుడ్డతో తుడుస్తూ ఉండండి. కనిపించేది కొద్దిసేపే. అరగంట, ముప్పావుగంట ఇలా నిలబడటం గుంపుతో వస్తే కుదరదు. ఒంటరిగా రావడంలో ఉన్న లాభం ఇదే.

పొద్దున ఎనిమిది నుంచి పది మధ్య తెర తొలగే అవకాశం ఎక్కువ. మధ్యాహ్నం ఎండ వేడికి కింది లోయల తేమంతా లేచి పైకి వస్తుంది, ఇక సాయంత్రం దాకా కమ్ముకునే ఉంటుంది.

దారిలో తేయాకు వరుసల మధ్యకు దిగకండి. అది ఎవరో ఒకరి ఎస్టేటు, పైగా మందు కొట్టిన పొదలు ఏవో బయటివారికి తెలియదు. ఆకు కోస్తున్న ఆడవాళ్లను అడగకుండా ఫొటో తీయకండి. పోస్టుకార్డుల్లో నవ్వే బొమ్మలుగా వాళ్లను చూసి అలవాటైంది మనకు. 2015 సెప్టెంబరులో బోనస్ కోసం మున్నార్ రోడ్లను దిగ్బంధించి, అటు కంపెనీని, ఇటు తమ పేరు చెప్పుకునే కార్మిక సంఘాలను ఒకేసారి నిలదీసింది ఈ ఆడవాళ్లే.

## గ్యాప్ రోడ్డు: పెరియకానల్, చిన్నకానల్

సూర్యనెల్లి లేదా పూప్పార వైపు బస్సు ఎక్కండి. కొండను తొలిచి వేసిన గ్యాప్ రోడ్డు మీద ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క లోయ నిండా తేయాకు, దానిమీద మబ్బు. అది దాటాక పెరియకానల్, ఆ తర్వాత చిన్నకానల్ జలపాతాలు. రెండూ రోడ్డు పక్కనే, ఎక్కువ నడక లేదు. చిన్నకానల్‌ను పవర్ హౌస్ జలపాతం అని కూడా అంటారు, కండక్టరుకు ఏ పేరు చెప్పినా తెలుస్తుంది. ఒక దాని దగ్గర దిగి, చూసి, తర్వాతి బస్సులో రెండో దానికి వెళ్లడం కుదురుతుంది. రెండింటి మధ్య నడుద్దామనే ఆలోచన మానుకోండి.

కారణం ఏనుగులు. చిన్నకానల్, ఆనయిరంగల్ ప్రాంతం వాటి దారిలో ఉంది. రేషన్ దుకాణాలను పగలగొట్టి బియ్యం తినే అరికొంబన్ అనే మగ ఏనుగును 2023 ఏప్రిల్ 29న మత్తుమందు ఇచ్చి పట్టుకుని వేరే అడవికి తరలించింది ఇక్కడి నుంచే. అది వెళ్లిపోయినా మిగిలినవి ఉన్నాయి. పొగమంచులో ఏనుగు పది గజాల దూరంలో ఉన్నా కనిపించదు, చప్పుడూ చేయదు. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం నాలుగు తర్వాత ఈ దారిలో కాలినడకన ఉండకండి. టీ కొట్టు మనిషి "ఆన" (మలయాళంలో ఏనుగు) అని చేయి చూపిస్తే ఆ వైపు ఎంత మంచి జలపాతం ఉన్నా వెనక్కి తిరగండి. కొండలకు రోడ్డు తెగిపోవడం కొత్త కాదు, వానాకాలంలో ఈ దారిలో చరియలు విరిగిపడి రోజుల తరబడి మూసేసిన సందర్భాలు ఉన్నాయి. బయల్దేరే ముందు బస్సులు నడుస్తున్నాయో లేదో పట్టణంలో అడిగి తెలుసుకోండి.

## నీటి దగ్గర

మూడు దారుల్లోనూ ఒకటే పద్ధతి. చేరగానే నీటివైపు నడవకండి. ఐదు నిమిషాలు ఎడంగా కూర్చుని, నీటి మట్టానికి గుర్తుగా ఒక రాయిని చూసి పెట్టుకోండి. సగం మునిగి, సగం పొడిగా ఉన్న రాయి అయితే మంచిది. అక్కడ ఉన్నంతసేపూ మధ్యమధ్య దాన్ని చూస్తూ ఉండండి. మీ నెత్తిన ఎండ ఉన్నా పైన కొండ మీద వాన పడుతూ ఉండవచ్చు. ఆ నీళ్లు మీ దగ్గరికి వచ్చేటప్పుడు కబురు ముందే వస్తుంది: తేటగా ఉన్న నీరు టీ రంగుకు తిరుగుతుంది, ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తాయి, హోరులో బరువు పెరుగుతుంది. ఈ మూడింటిలో ఒక్కటి కనిపించినా లేచి గట్టెక్కండి. చెప్పుల కోసం, సంచి కోసం ఆగకండి. మీ రాయి మునిగేదాకా ఎదురుచూడటం తెలివి కాదు.

తడి రాయి కంటే ప్రమాదకరమైనది కొద్దిగా ఆరిన రాయి. తడిసి మెరిసేదాని మీద ఎలాగూ జాగ్రత్త పడతాం. నల్లగా, గరుకుగా కనిపించే దానిమీద సన్నటి నాచు పొర ఉంటుంది. కాలు వేసే ముందు బూటు మొనతో గీరి చూడండి. జారి చీలమండ బెణికితే, మీకు భుజం ఇవ్వడానికి పక్కన మనిషి లేడని గుర్తుంచుకుని అడుగు వేయండి. జలపాతం పైఅంచుకు ఎక్కే కాలిబాటలు చూపించే కుర్రాళ్లు దొరుకుతారు. వెళ్లకండి. ఏదైనా జరిగితే 112కు ఫోను చేయాలి, సిగ్నల్ లేకపోతే రోడ్డు మీదికి వచ్చి మొదటి బండిని ఆపాలి.

## జలగలు

ఇప్పుడు ఉప్పుమూట. వాన పడిన మర్నాడు గడ్డి అంచుల్లో, రాలిన ఆకుల్లో అవి ఉంటాయి. వంగి చూస్తే ఆకు కొసన అగ్గిపుల్ల సగమంత పొడవున, తోక మీద నిలబడి, తలను గాలిలో అటూ ఇటూ ఆడిస్తూ వెతుకుతున్న జలగ కనిపిస్తుంది. మన అడుగు కదలికను, ఊపిరిని, ఒంటి వేడిని పసిగడుతుంది. బూటు మీదికి చేరాక కొలిచినట్టు వంగుతూ లేస్తూ సాక్సు అంచుదాకా వెళ్తుంది. పాంటు అంచులను సాక్సుల్లోకి దోపుకోండి, బూట్ల చుట్టూ సాక్సుల మీద ఉప్పు తడి చేసి రుద్దండి. ఎక్కడా ఒకేచోట నిలబడకండి, నిలబడాలంటే రాయి మీదో తారు మీదో నిలబడండి.

పట్టుకున్న జలగను లాగకండి, మంటతో కాల్చకండి. గోటిని చర్మానికి ఆనించి సన్నటి కొస వైపు నుంచి పక్కకు నెడితే వదిలేస్తుంది. నొప్పి ఉండదు. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థాన్ని అది వదులుతుంది కాబట్టి కాసేపు కారుతూనే ఉంటుంది. కంగారు పడక సబ్బుతో కడిగి గుడ్డ అదిమి పట్టండి. బస్సెక్కే ముందు ఒకసారి మోకాళ్ల కింద అంతా తడుముకోండి.

## తిరిగొచ్చాక

గదికి రాగానే మొదటి పని బూట్లది. ఈ చలిలో అవి వాటంతట అవి తెల్లవారేలోపు ఆరవు. లోపలి అట్టలు తీసి, పాత వార్తాపత్రికలు నలిపి కుక్కి, పడుకునే ముందు ఒకసారి కాగితాలు మార్చండి. లాడ్జీ కౌంటరులో మలయాళ మనోరమ పాత ప్రతులు అడిగితే ఇస్తారు.

ఇక చేతిలో ఒక్క రోజే ఉన్నవారికి. మరయూర్ దారి ఎంచుకోండి. పొద్దున మొదటి బస్సుకు లక్కం, పదకొండుకు మరయూర్, అక్కడ భోజనం చేసి బెల్లం కొనుక్కుని, రెండు గంటల ప్రాంతంలో వెనక్కి బస్సు. తిరుగు ప్రయాణంలో డ్రైవరు వెనక సీటు దొరికితే పట్టుకోండి. ఘాట్ రోడ్డులో కడుపు తిప్పేవారికి బస్సు వెనక భాగం కంటే అదే నయం.